లాకుల దాకా

అక్టోబరు 3, శుక్రవారం

ఈ డైరీ మేడమ్ ఇచ్చింది. "నీ భాషలోనే రాసుకో మానిక్, నేను చూడను" అంది. మాణిక్యాంబ అనే పేరు ఆవిడ నోట్లో ఎప్పుడూ సగమే పట్టేది. చూడటానికి ఇప్పుడు ఆవిడే లేదు. పోయిన వేసవిలో ఇక్కడి ఆసుపత్రిలోనే కన్ను మూసింది. దొరగారు ఆవిడ ఉన్న పెట్టెను విమానంలో తీసుకెళ్ళి, ఇంగ్లండులో ఆవిడ పుట్టిన ఊళ్ళో చర్చి పక్కన సమాధి చేసి, తిరిగొచ్చి మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయారు. ఇంట్లో ఆయనా, వంటపని చేసే నేనూ, గేటు దగ్గర పోశయ్యా మిగిలాం.

శుక్రవారం కాబట్టి ఈ రోజు ఇక్కడ సెలవు. సాయంత్రం నన్ను పిలిచి వెనక గదిలో స్టూలు మీద కూర్చోమన్నారు. ఆ గదిలో సైకిలు ఉంటుంది. ఇనప చట్రంలో మూడు రోలర్లు, వాటి మీద సైకిలు. తొక్కితే చక్రాలూ రోలర్లూ తిరుగుతాయి గానీ సైకిలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఈ గల్ఫ్ ఊరు ఉమ్ అల్ క్వైన్‌లో ఇసకా సముద్రప్పాయా తప్ప కొండలేవీ? అందుకని తన దేశం కొండల్లో తిరగడానికి ఆయన చేసుకున్న ఏర్పాటిది. తొక్కేది ఆయన, దారి చెప్పేది మేడమ్. దారంతా అట్టముక్కల మీద ఉంది. ఇక్కడ చర్చి, ఇక్కడ ఎడమకి, ఇక్కడ ఎక్కుడు, అలాగ. రోజుకో ముక్క. ఈ రోజు ఆగినచోటి నుంచే రేపు మళ్ళీ మొదలు.

ఆ అట్టముక్కలు నా చేతిలో పెట్టారు.

"నా ఇంగ్లీషు అంతంత మాత్రం సార్" అన్నాను.

"కొండలు ఏమీ అనుకోవులే" అన్నారు.

మొదటి ముక్కలోనే ఒక ఎక్కుడు దగ్గర 'వన్ ఇన్ సిక్స్' అని వచ్చింది. ఆరుగురు ఎక్కితే ఒక్కరే అవతలికి చేరతారని నాకు అర్థమైంది. "అయితే మీరు ఎక్కకండి సార్" అన్నాను. దొరగారు కిటికీ పట్టుకుని ఆగి, పొట్ట పట్టుకుని నవ్వారు. మేడమ్ పోయాక అదే మొదటి నవ్వు. ఆరడుగులు ముందుకెళ్తే ఒకడుగు పైకి లేస్తుందని అర్థమట. నా అర్థమే బాగుంది.


అక్టోబరు 7, మంగళవారం

ఈ దారి నాకు నచ్చుతోంది. రోడ్డుకి రెండు పక్కలా పేర్చిన రాతిగోడలు. గోడల వెనక గొర్రెలు. ఎక్కుడు మొదలైతే దొరగారు గేరు మార్చి ముందుకు వంగుతారు, ఊపిరి చప్పుడు పెద్దదవుతుంది. దిగుడులో మొహం చల్లబడుతుంది. చదివేది నేనే అయినా, ముందు మలుపులో ఏముందో ఆయన మొహం చూస్తే నాకు తెలిసిపోతోంది.

ఒక్కటే బాగాలేదు. సైకిలెక్కి, ఒక్క మాటైనా అనకుండా బయల్దేరిపోతారు. ఈ రోజు ఉండబట్టలేక చెప్పేశాను.

"మా వైపు అలా వెళ్ళిపోరు సార్. వెళ్ళొస్తా అనాలి."

"అంటే?"

"వెళ్తాను, మళ్ళీ వస్తాను అని. ఇంట్లోవాళ్ళు వెళ్ళిరండి అంటారు. వెళ్ళండి, తిరిగి రండి అని."

"రెండూ ఒకే మాటలోనా?"

"ఒకే మాటలోనే."

దొరగారు దాన్ని నోట్లో నాలుగైదు సార్లు తిప్పుకుని "వెల్లొస్తా" అన్నారు. వెళ్ళిరండి అన్నాను. అప్పుడు నా మనసు కుదుటపడింది.

మొక్కలకి నీళ్ళు పెడుతూ పోశయ్య ఇదంతా కిటికీలోంచి చూశాడు. "ఏందక్కా, గంటసేపు తొక్కుతడు, ఈడనే ఉంటడు. గింతకు సార్ యాడికి పోతుండు?"

"బయల్దేరే మనిషిని ఎక్కడికని అడుగుతారేంటయ్యా? మీ ఇంట్లో పెద్దోళ్ళు చెప్పలేదా?"

"సైకిల్ కదలకున్నా తప్పేనా?"

"కదలకపోయినా తప్పే."


అక్టోబరు 14, మంగళవారం

చదువుతుంటే మధ్యలో టకటకమని చప్పుడు. చైన్ కవరు వదులైన సైకిలు గతుకుల్లో వెళ్తే వచ్చే చప్పుడు. దొరగారి సైకిలుకి చైన్ కవరే లేదు. ఏసీ అయ్యుంటుంది, పాతది కదా.


అక్టోబరు 15, బుధవారం

ఏసీయే.


అక్టోబరు 24, శుక్రవారం

తమ్ముడు ఉత్తరం రాశాడు. 'అక్కా, వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి. ఈ కార్తీకం వెళ్ళేలోగా బావకి చెయ్యాల్సిన కర్మ చేసేద్దాం, నువ్వు ఊఁ అంటే చాలు' అని. పక్కన వాడి పెళ్ళాం రాయించిందేమో, 'ఎన్నాళ్ళని ఇలా' అని ఇంకో వాక్యం.

మా ఆయన కాలవ మీద లస్కరు. గట్టు మీద సైకిలేసుకు తిరుగుతూ తూములు చూడటం, లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. తుపాను రోజు తలుపులు ఎత్తాలని కబురొచ్చింది. గోనెపట్టా కప్పుకుని సైకిలు తీశారు. "లాకుల దాకా వెళ్ళొస్తా" అన్నారు. వెళ్ళిరండి అన్నాను. తెల్లారి చూస్తే లాకుల దగ్గర కమ్మీ పక్కన సైకిలుంది. స్టాండు వేసి ఉంది. తాళం కూడా వేసి ఉంది. మనిషి లేరు. కాలవలో వెతికారు, సముద్రంలో కలిసే మొగలో వెతికారు, ఎక్కడా దొరకలేదు.

కొట్టుకుపోయే మనిషి సైకిలుకి తాళం వేస్తాడా? నన్ను అడిగితే నేను అనేది అదే. వెళ్ళొస్తా అని వెళ్ళారు. ఇంకా రాలేదంటే ఆ తప్పు ఆయనది. నేను పిండాలు పెట్టిస్తే తప్పు నాదైపోదూ?

సైకిలు చైన్ కవరు వదులైపోయి టకటకమనేది. బిగించుకోండి అంటే, "నేనొస్తున్నట్టు నీకెలా తెలుస్తుందే మరి" అనేవారు. చప్పుడు సందు మొదట్లో ఉండగానే నేను కంచం పెట్టేసేదాన్ని.

తమ్ముడికి బొట్టుబిళ్ళలు పంపమని జవాబు రాశాను. ఇంకేమీ రాయలేదు.


నవంబరు 4, మంగళవారం

వంటింటి చెత్తబుట్టలో దొరగారి గుండె మాత్రలు కనిపించాయి. ఒక్కటీ విప్పలేదు, అట్టకి అట్టే పారేశారు. డాక్టరు సైకిలు తొక్కినా పర్లేదన్నాడు గానీ, మాత్రలు ఒక్క రోజు కూడా మానొద్దని నా ఎదురుగానే చెప్పాడు. అట్టలు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను.

"ఇవి పడిపోయాయి సార్."

"పడిపోలేదు."

తర్వాత ఆయనే అడిగారు.

"దారి ఇంకెంతుంది మానిక్?"

"కొంచెమే సార్. నాలుగు ముక్కలు."

"చివరి ముక్కలో, నీళ్ళు దాటాక ఏ ఊరు?"

చదివాను. మేడమ్ ఊరు.

"ఆవిడకి చివరి రోజున మాట ఇచ్చాను, మళ్ళీ సైకిలు మీద మీ ఊరొస్తానని. అక్కడికి చేరాక మాత్రలతో పనేముంది?" అన్నారు. గొంతులో ఏ బాధా లేదు, రేపు ఫ్యాక్టరీకి సెలవు అన్నట్టు అన్నారు. నన్ను డాక్టరుగారింట్లో పనికి కుదిర్చారట. పోశయ్యకి చొక్కాలన్నీ ఇచ్చేశారు. పాపం అతను పండగనుకుని తీసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ఆడమనిషి మూడేళ్ళుగా మనిషి లేకుండా ఎలా బతకాలో నేర్చుకుంటుంటే, ఈయన నాలుగు అట్టముక్కల్లో తేల్చేస్తారట.


నవంబరు 8, శనివారం

చివరి ముక్క. చర్చి దాటాం, ఎక్కుడు ఎక్కాం, దిగాం. దిగుడు చివర 'ఫోర్డ్' అని ఉంది. మొదట్లో అది కారనుకున్నాను. వంతెన లేకుండా వాగు రోడ్డు మీదుగా పారేచోటట. సైకిలు దాంట్లోంచే వెళ్ళాలి. అవతల మేడమ్ ఊరు.

నోరు దానంతటదే అనేసింది. "నీళ్ళు పొంగాయి సార్. దారి మూసేశారు. ఎడమవైపు వెళ్ళమని బోర్డు పెట్టారు."

దొరగారు తొక్కుతూనే నా వైపు తిరిగారు. నేను అట్టముక్కలోంచి తల ఎత్తలేదు.

"ఎడమకా?"

"ఎడమకే సార్."

హేండిలు పిసరంత ఎడమకి వంచారు. అంతకంటే వంచితే రోలర్ల మీంచి పడిపోతారు.

నేను కాపాడేశాను. ఈ డైరీలో రాసుకుంటే తప్పేమీ లేదు. దొరగారిని నేను కాపాడాను.


నవంబరు 12, బుధవారం

పొద్దున్నే వంట చేస్తూ సాయంత్రం దారి వేసుకుంటున్నాను. చేపల పులుసు మరిగేలోగా ఒక కొండా రెండు మలుపులూ తయారు. మొదట్లో పాత ముక్కల్లోంచి చర్చిల్నీ గొర్రెల్నీ దొంగిలించాను. అవి ఎన్నాళ్ళొస్తాయి? కోనసీమలో పుట్టినదాన్ని, కొండలు ఎక్కడి నుంచి తేను?

మొన్న రాతిగోడ పక్కన తూము వచ్చేసింది. నిన్న గొర్రెల వెనక కొబ్బరితోట. ఈ రోజు ఏకంగా కాలవ గట్టే. నీళ్ళ నిండా గుర్రపుడెక్క, ఊదారంగు పూలు. దొరగారికి తేడా ఏమీ తెలియడం లేదు. ఇంగ్లండు చాలా పెద్దది కాబోలు, ఆయన చూడనిది కూడా ఉంటుంది.

మాత్రలు మాత్రం వేసుకోవడం లేదు. రోజూ నేను బల్ల మీద పెడతాను, రోజూ చెత్తబుట్టలో కనిపిస్తాయి. ఇద్దరం ఆ విషయం ఎత్తం.


నవంబరు 19, బుధవారం

ఈ రోజుకి మూడేళ్ళు. గొంతు బాగాలేదని చెప్పి చదవలేదు.


నవంబరు 22, శనివారం

కార్తీక పౌర్ణమి. వేళ్ళ సందుల్లో ఇంకా చిన్నప్పుడు వత్తులు చేసిన గుర్తు.

సాయంత్రం గట్టు మీద వెళ్తున్నాం. ఎడమ పక్క కాలవ, కుడి పక్క చేలు. నేను చదవడం లేదు, అట్టముక్క ఒళ్ళో ఊరికే పెట్టుకున్నాను. చప్పుడు మొదలైంది. దొరగారి వెనకాలే, రోలర్ల చప్పుడుకి కొంచెం వెనగ్గా, టకటకా. ఆయన మెల్లగా తొక్కితే అదీ మెల్లగా. వంతెన వచ్చింది. "కుడికి తిరగండి" అన్నాను. అదీ తిరిగింది.

ఏసీ బాగుచేయించాలని పోశయ్యతో అన్నాను.

"ఏసీనా అక్కా? అది బంద్ జేసి రెండు వారాలాయె గద. సలిగుందని సారే వైరు గుంజేసిండు."

వెళ్ళి చూశాను. వైరు చుట్టి, ఏసీ మీద పెట్టి ఉంది. దాని మీద దుమ్ము కూడా పట్టింది.

అయితే ఫ్రిజ్జు అయ్యుంటుంది.


నవంబరు 28, శుక్రవారం

దొరగారు తొక్కుతూ తొక్కుతూ అడిగారు. "ఈ గట్టు మీద మనం తప్ప ఇంకెవరూ రారా?"

"లస్కరు వస్తారు సార్. తూములు చూసుకోవడానికి."

"సైకిలు మీదా?"

"సైకిలు మీదే."

"పేరేంటి?"

ఏమని చెప్పను? ఆయన పేరు నేను నోటితో అనను. ఉన్నారు కాబట్టే అనను. "ముగ్గురు దేవుళ్ళ పేరు సార్. బ్రహ్మ, విష్ణువు, శివుడు. ముగ్గురూ కలిస్తే ఒక్కరు."

"మా చర్చిలోనూ అలాంటి ముగ్గురున్నారు" అన్నారు దొరగారు. గేరు మార్చి, "మంచివాడా?" అన్నారు.

"చైన్ కవరు బిగించుకోరు. అదొక్కటే" అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఈ మధ్య దొరగారి మొహం పాలిపోయి ఉంటోంది. దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. వంతెన దగ్గర రోజూ లాగే కుడికి తిప్పాను.


డిసెంబరు 5, శుక్రవారం

ఈ రోజు సైకిలెక్కలేదు. సీటు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"మానిక్, ఆ కొండల్లో కొబ్బరిచెట్లుండవు."

"ఎప్పటి నుంచి తెలుసు సార్?"

"నేను పెరిగిన దారి అది. ఫోర్డ్ దగ్గర ఎడమకి దారి లేదు, రాతిగోడ ఉంది. నువ్వు చెప్పావని గోడలోంచి వెళ్ళాను."

"ఎందుకు వెళ్ళారు?"

"ముందు నువ్వు నన్ను ఆపుతున్నావనుకున్నాను. కోపం వచ్చింది కూడా. తర్వాత నీ గొంతు మారిపోయింది. చదువుతున్నట్టు లేదు, చూసి చెప్తున్నట్టుంది. ఈవిడ నన్ను ఎక్కడికో తీసుకెళ్తోంది, ఎక్కడికో చూద్దామనుకున్నాను." మెల్లగా అన్నారు. "రోజూ వంతెన దగ్గర కుడికి తిప్పేస్తావు. నేరుగా వెళ్తే ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"ఏమీ లేకపోతే వెళ్దాం."

"లాకులున్నాయి. అక్కడ రోడ్డు ఆగిపోతుంది. అక్కడ చూడ్డానికేమీ లేదు, ఒక సైకిలు తప్ప." అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో, ఏడుపంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. దొర ముందు ఎప్పుడూ గొంతెత్తని దాన్ని, నిలబడి అరిచాను. "మీరు మాత్రలు చెత్తలో పారేసి మేడమ్ దగ్గరకి పోతానంటారు. ఆవిడ సమాధైనా ఉంది మీకు. నాకేముంది? తాళం వేసిన సైకిలుంది. ఆయన వెళ్ళొస్తా అన్నారు సార్! నేను లాకుల దాకా వెళ్ళి చూసేస్తే ఇంకెవరొస్తారు?"

అంతా చెప్పేశాను. తుపాను, గోనెపట్టా, తమ్ముడి ఉత్తరం. దొరగారు స్టూలు లాక్కుని నా ఎదురుగా కూర్చుని విన్నారు. చివరికి బల్ల మీది మాత్రల అట్ట తీసి చేతిలో పెట్టుకున్నారు.

"ఆదివారం నేరుగా తీసుకెళ్ళు. ఒక్కదానివే వెళ్ళక్కర్లేదు, తొక్కేవాణ్ణి నేనున్నాను. తీసుకెళ్తే ఇవి రోజూ వేసుకుంటాను."

"మరి మేడమ్ ఊరు?"

"ఫోర్డ్ దగ్గర నీళ్ళు తగ్గనీ. ఆవిడ ఎక్కడికీ వెళ్ళదు."

"ముందు ఒకటి మింగండి" అన్నాను. మింగారు. నోరు తెరిచి చూపించమన్నాను. చూపించారు.


డిసెంబరు 6, శనివారం

అద్దం ముందు బొట్టుబిళ్ళ వేలి మీద పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. పెట్టుకున్నాను.


డిసెంబరు 7, ఆదివారం

కార్తీకం ఈ రోజుతో ఆఖరు. దొరగారు ఫ్యాక్టరీ నుంచి తొందరగా వచ్చారు. కిటికీ తెరిచి ఉంచమన్నాను. పాయ మీంచి మడచెట్ల వాసన వచ్చింది. మా మొగ దగ్గరా ఇదే వాసన.

"వెల్లొస్తా" అన్నారు.

"వెళ్ళిరండి సార్."

అట్టముక్కలు పట్టుకోలేదు. గట్టెక్కాం. కుడి పక్క రాజుగారి కొబ్బరితోట, ఎడమ పక్క చాకలిరేవు, ఎవరో బండకేసి బట్టలు బాదుతున్నారు. తూము దగ్గర గతుకుంది, చూసుకోండి అన్నాను. దొరగారు పక్కకి తప్పించారు. అప్పుడు మొదలైంది వెనకాల, టకటకా. ఏసీ కాదు, ఫ్రిజ్జూ కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

వంతెన వచ్చింది.

"కుడికా?" అన్నారు దొరగారు.

ఆయన మెల్లగా తొక్కుతూనే ఉన్నారు, నా వైపు చూడలేదు.

"నేరుగా" అన్నాను.

వంతెన దాటాక గట్టు సన్నబడుతుంది. వాన మొదలైందని చెప్పాను. గాలి ఎదురుగాలి అని చెప్పాను. దొరగారు ముందుకు వంగి, ఆ పెద్ద కొండ ఎక్కినప్పటి కంటే బలంగా తొక్కారు, మా చదునైన నేల మీద. వెనకాల చప్పుడు దగ్గరైంది. పక్కకి వచ్చింది. గోనెపట్టా తడివాసన. నేను చెయ్యి చాపి ఉంటే అందేది. చాపలేదు. అది మమ్మల్ని దాటి ముందుకెళ్ళింది.

"లాకులు సార్. ఆగండి."

దొరగారు కిటికీ పట్టుకున్నారు. రోలర్లు కాసేపు మూలిగి ఆగిపోయాయి. చైన్ కవరు చప్పుడు ఆగలేదు. కమ్మీ దాకా వెళ్ళింది, అక్కడ ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. తాళం పడిన చప్పుడు. కొట్టుకుపోయే మనిషి తాళం వేస్తాడా అని మూడేళ్ళు అందర్నీ అడిగాను. వేస్తారు. తిరిగొస్తాననుకున్న మనిషి వేస్తారు. తలుపులెత్తి వచ్చేద్దామనుకున్నారు. రావాలనే అనుకున్నారు, రాలేకపోయారు. అంతే. అందులో ఆయన తప్పేమీ లేదు.

వెళ్ళొస్తా అన్న మాట వినిపించింది. నా చెవులే కల్పించుకున్నాయేమో. అలవాటు కొద్దీ జవాబు నోటి దాకా వచ్చేసింది.

"వెళ్ళండి" అన్నాను.

గదిలో ఏ చప్పుడూ లేదు. బయట పోశయ్య పైపు కట్టేశాడు. నేను ఏడ్చినంతసేపూ దొరగారు సైకిలు దిగకుండా, కిటికీ వదలకుండా, అలాగే ఉన్నారు. తర్వాత అడిగారు.

"ఆ మాటలో ఇంకో ముక్క ఉండాలి కదా మానిక్?"

"ఉండాలి సార్. అది మీకోసం ఉంచాను" అన్నాను. లేచి వెళ్ళి మంచినీళ్ళ గ్లాసూ మాత్రా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.